మూడోసారి అడిగితే

ఎల్క్ రిడ్జ్, విస్కాన్సిన్
మే 9, మంగళవారం

గౌరవనీయులైన ప్రొఫెసర్ విట్కాంబ్ గారికి,

పాల రైతు ఆర్విడ్ హెగ్లాండ్ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ, నా ఆవులూ, నిన్న పొద్దున పుట్టిన కోడెదూడతో సహా అందరం క్షేమం. అక్కడ మీరూ, మీ ఇంట్లోవాళ్ళూ, మీ కాలేజీ పిల్లలూ క్షేమమని తలుస్తాను. నా దస్తూరీ చూసి కళ్ళజోడు తుడుచుకోకండి, తప్పు కళ్ళజోడుది కాదు. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. పెళ్ళికి ముందు మా లోయిస్‌కి ఒకటి రాశాను. అదీ ఒక్క పేజీయే, అందులో సగం వాన గురించే.

మొన్న గురువారం మీరు మా ఇంటికి ఫోను చేశారు. బ్రిట్టా తన ఫోను ఎత్తడం లేదని, అందుకే ఇంటి నంబరు వెతికి చేశానని చెప్పారు. నేను పాల గొట్టాలు కడుగుతూ తడి చేతులతో పరిగెత్తుకొచ్చాను. కాలేజీ నుంచి అనగానే పిల్లకేమైందో అనుకున్నాను. మీరు చాలా మర్యాదగా మాట్లాడారు. మా అమ్మాయి మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడుతోందనీ, మీ కాలేజీ తరఫున కమిటీ ఒక ఉత్తరం రాసివ్వాలనీ, అది లేకపోతే అక్కడ గుమ్మం ఎక్కనివ్వరనీ చెప్పారు. కమిటీలో ఇద్దరు ఒప్పుకోవడం లేదట. ఆఖరి రెండేళ్ళ మార్కులు చూస్తే బంగారం, మొదటి ఏడాది చూస్తే కెమిస్ట్రీలో ఎఫ్, లెక్కల్లో డి, మిగతావి అరకొర. ఇదేమిటమ్మా అని అడిగితే, "నేను సరిగ్గా చదవలేదండీ" అని ఊరుకుందట.

తరవాత మీరు నన్ను అడిగారు. ఆ ఏడాది ఇంట్లో ఏమైనా ఇబ్బంది వచ్చిందా, చెబితే కమిటీలో మాట్లాడతాను అన్నారు. నేనేమన్నానో మీకు గుర్తుండే ఉంటుంది. "ఏమీ లేదండీ, అంతా బాగానే ఉంది" అన్నాను. పైగా, ఈ ఏడు గడ్డి బాగా పెరిగిందని కూడా అన్నాను. మీరు, "సరే, మంచిది" అని పెట్టేశారు.

అది అబద్ధం. ఫోను పెట్టేశాక గొట్టాల దగ్గరికి వెళ్ళాను గానీ కడగలేకపోయాను. నాకు తల కొట్టేసినట్టయింది. బిడ్డ బతుకు గురించి ఒక పెద్దమనిషి పిలిచి మరీ అడిగితే, గడ్డి సంగతి చెప్పిన తండ్రిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మీరు తూర్పు రాష్ట్రాల మనిషని మా బ్రిట్టా చెప్పింది. అందుకని ఒక సంగతి చెప్పాలి. మా తాతలది నార్వే, మా వాళ్ళని కాఫీ తాగుతారా అని అడిగితే మేం వద్దంటాం. రెండోసారి అడిగితే, మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారి అడిగితే, సరే ఓ అరకప్పు అంటాం. ఆ అరకప్పు ఎప్పుడూ నిండుగానే ఉంటుందనుకోండి. మొదటిసారికే ఔనన్నవాణ్ణి మా అమ్మ తిండిపోతు కింద జమకట్టేది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, మా దగ్గర అమ్మ పెట్టినా మేం పుచ్చుకోం. కాఫీ మాత్రమే కాదు, కష్టం సంగతి కూడా అంతే. ఎలా ఉన్నావంటే, "ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చుగా" అంటాం. మీరు మా పిల్లని ఒకసారి అడిగారు, నన్ను ఒకసారి అడిగారు. ఇద్దరం కాఫీ వద్దన్నట్టు వద్దన్నాం. మీరు నిజమే కాబోలనుకున్నారు. మీ తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

బ్రిట్టా కాలేజీలో చేరిన ఏడు అక్టోబరులో, పాలు పితికేటప్పుడు ఒక తొలిచూలు ఆవు నన్ను తన్నింది. దాని పేరు రెజీనా. పేరుకి మహారాణి, బుద్ధి మాత్రం గాడిదది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. మంచం ఎక్కాను. లోయిస్ పోయి అప్పటికి చాలా ఏళ్ళు, బ్రిట్టా ఆరో క్లాసులో ఉండగానే పోయింది. పనివాళ్ళు లేరు. నా కాలు విరిగిందంటే ఆవులకి తెలియదు కదా, వేళకి పాలు పితక్కపోతే పొదుగు వాచి చస్తాయి. బ్రిట్టాకి ఫోను చేయొద్దనుకున్నాను. కానీ ఆ శనివారం అదే వచ్చింది, చూసింది, ఇక రోజూ రావడం మొదలుపెట్టింది.

సాయంత్రం క్లాసులవగానే అరవై మైళ్ళు పికప్ బండి తోలుకుంటూ వచ్చేది. పాలు పితికి, మేత వేసి, పేడ ఎత్తి, నాకింత వండి పెట్టి పడుకునేది. తెల్లారకముందే లేచి మళ్ళీ పితికి, అరవై మైళ్ళు వెనక్కి వెళ్ళేది. మొట్టమొదటి క్లాసు ఎనిమిదింటికి, మీ కెమిస్ట్రీ. వెనక వరసలో గోడకి తల ఆనించి నిద్రపోయిన పిల్ల మీకు గుర్తుందా? ఒకరోజు మీరు దాని బల్ల మీద చిన్నగా తట్టి, "మిస్ హెగ్లాండ్, హైడ్రోజన్ కన్నా మీరే తేలిగ్గా తేలిపోతున్నారు" అన్నారట. క్లాసంతా నవ్వారట. ఇంటికొచ్చి నాకది జోకులా చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వాక గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంకోటి చాన్నాళ్ళకి తెలిసింది. దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. ఎన్నిసార్లు ఉతికినా బట్టలకి కొట్టం వాసన పోదు. హాస్టలు గదిలో ఉండే అమ్మాయి, "నీ బూట్లు బయటపెట్టు, నాకు వాంతి వస్తోంది" అందట. పాలమ్మి పెంచుకున్న పిల్లని పేడ కంపని వెలేశారు. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదండీ, సిగ్గేసింది. ఆ కంపు నాది.

డిసెంబరులో పెద్ద పరీక్ష రోజున ఆవు ఈనలేక అవస్థ పడింది. దూడ అడ్డం తిరిగింది. బ్రిట్టా చెయ్యి లోపలికి పెట్టి కాళ్ళు సరిచేసి లాగేసరికి పొద్దెక్కిపోయింది. పరీక్షకి వెళ్ళలేకపోయింది. ఎఫ్ వచ్చింది అందుకే. దరఖాస్తులో డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావంటే అది ఆ దూడ సంగతి రాసిందని మీరు చెప్పారు. చదివితే బాగుందన్నారు కూడా.

ఆ చలికాలం చర్చి ఆడవాళ్ళు హాట్‌డిష్‌లు చేసుకుని వచ్చేవాళ్ళు, బంగాళాదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన పళ్ళేలు. బ్రిట్టా గుమ్మంలోనే అందుకుని, "నాన్న పడుకున్నాడు, ఇబ్బందేం లేదు" అని పంపేసేది. ఫ్రిజ్ నిండిపోయింది. జింకల వేటకి కూడా నేను పోలేదు. నా తుపాకీ ఏదో పట్టేసిందని బ్రిట్టా బాగుచేయడానికి హార్లన్‌కి ఇచ్చింది. హార్లన్ మా పక్క పొలం వాడు. వాడే ఒకరోజు అడక్కుండా వచ్చి, మిగిలిపోయిన మొక్కజొన్నంతా కోసి, తరిగి, మేత నిలవచేసే సైలోలో పోసి వెళ్ళాడు. ఎందుకురా అంటే, "యంత్రం ఖాళీగా ఉంది" అన్నాడు. యంత్రాలు ఖాళీగా ఉండే కాలమా అది!

వసంతానికి లేచి తిరిగాను. ఇప్పటికీ మంచు పడేముందు కుడి కాలు సలుపుతుంది. టీవీ వాడికన్నా ముందే చెబుతుంది.

ఆ ఏడాది డాక్టరు చీటీ తెచ్చిస్తే కాలేజీ వాళ్ళు ఆ క్లాసులు మాఫీ చేసేవారట, ఎఫ్ పడేదే కాదట. మీరు ఫోనులో చెబితేనే తెలిసింది. బ్రిట్టాకి అప్పుడే తెలుసట. తేలేదు. తరవాత మీ క్లాసు మళ్ళీ చదివి ఏ గ్రేడు తెచ్చుకుంది. పాత ఎఫ్ చెరిగిపోయిందనే మేం ఇద్దరం అనుకున్నాం. ఆ రోజు కేకు కూడా తెచ్చాను. కాలేజీ లెక్కలో చెరిగిపోయినా, మెడికల్ కాలేజీల లెక్కలో రెండూ ఉంటాయని, పాతదీ కొత్తదీ కలిపే తూస్తారని మీరు చెప్పారు. నాకది కొత్త లెక్కేమీ కాదండీ. మందు సూది వేసిన ఆవు పాలు ఒక్క బకెట్ పొరపాటున ట్యాంకులో పడితే, మిగతా ఆవులు ఎంత మంచి పాలిచ్చినా లారీవాడు ట్యాంకంతా పారబోయిస్తాడు. నేనూ ఒకసారి పారబోశాను. కాలవలో తెల్లగా పోతుంటే చూస్తూ నుంచున్నాను. కానీ అప్పుడు తప్పు ఆవులది కాదు, సూది వేసిన సంగతి గుర్తుపెట్టుకోనివాడిది. ఇక్కడా అంతే. పాడుచేసింది నేను. పారబోసేది నా పిల్ల బతుకు.

సోమవారం మీ కమిటీ కూర్చుంటుందన్నారు. ఈ సంగతి అక్కడ చెప్పండి. మా అమ్మాయి సోమరిది కాదని, తండ్రి కాలు విరిగి మంచాన పడితే ఆవుల్ని కాపాడిందని చెప్పండి. నేను చదువుకోనివాణ్ణి, ఇలా తండ్రులు ఉత్తరాలు రాయకూడదేమో నాకు తెలియదు. తప్పయితే నన్ను అనండి, దాన్ని అనకండి.

మీరెప్పుడైనా ఇటు వస్తే మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళాలి. మూడుసార్లు అడుగుతాను.

ఇట్లు
మీ విధేయుడు
ఆర్విడ్ హెగ్లాండ్
(బ్రిట్టా నాన్న)

తా.క. ఇవాళ బుధవారం. ఉత్తరం నిన్ననే మడిచి కవరులో పెట్టాను, అంటించలేదు. పిల్లకి చెడుపు చేసే మాట ఏదైనా పడిందేమోనని భయమేసి, కాఫీకి వచ్చిన హార్లన్ చేతికిచ్చి చదవమన్నాను. వాడు బడి కమిటీలో ఉన్నవాడు. మా ఇద్దరిలో చదువుకున్నవాడంటే వాడే.

బొటనవేలు ఒక్కో వరస కింద జరుపుకుంటూ చదివాడు. కాఫీ చల్లారిపోయింది. చివరికి కళ్ళజోడు తీసి, "మొదట్లో ఎడమ కాలు విరిగింది, చివర్లో కుడి కాలు సలుపుతోంది. ఏ కాలు, ఆర్విడ్?" అన్నాడు.

తప్పు రాశాను, దిద్దుతానన్నాను. కలం కోసం లేచాను. వాడు కదల్లేదు. "నువ్వు చర్చికి కూడా ఇలాగే వచ్చేవాడివి, ఒక ఆదివారం ఇటు కుంటుతూ, ఇంకో ఆదివారం అటు కుంటుతూ. ఈ మూడున్నరేళ్ళూ నిన్ను చూసి చూసి నా కాళ్ళు నొప్పెట్టాయిరా" అన్నాడు.

నేను మళ్ళీ కూర్చున్నాను.

ప్రొఫెసర్ గారూ, నా కాలు విరగలేదు. రెజీనా ఎవరినీ తన్నలేదు, పాపం దానంత సాధువైన ఆవు నా కొట్టంలో లేదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఎవడో. వాడికి నేను మేనమామనవుతాను. ఫోనులో అడిగితే ఏమీ లేదన్నాను. నిజం చెబుతానని ఉత్తరం మొదలుపెట్టి, అందులోనూ కాలు విరగ్గొట్టుకున్నాను.

ఆ అక్టోబరులో ఒకరోజు నేను మంచం మీంచి లేవలేదు, అంతే. ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఎవరూ చావలేదు. అప్పులవాళ్ళెవరూ గుమ్మంలోకి రాలేదు. మొక్కజొన్న కూడా బాగా పండింది. ఆవులు పాలు బరువెక్కి అరుస్తుంటే నాకు వినబడుతూనే ఉంది. వింటూ పడుకున్నాను. అలా పడుకున్న పాల రైతుని మీరెక్కడైనా చూశారా? మా నాన్న న్యుమోనియాతో వణుకుతూ పాలు పితికాడు. మా తాత, తన కూతురు పోయిన పొద్దున కూడా పితికాడు. నేను కిటికీ పరదా మీద మరకని చూస్తూ ఉండిపోయాను. స్నానం లేదు, గడ్డం లేదు. బ్రిట్టా ఆ శనివారం వచ్చి చూసినప్పుడు దానికి పద్దెనిమిదేళ్ళు. నన్నేమీ అడగలేదు. బూట్లు తొడుక్కుని కొట్టంలోకి పోయింది.

ఊరికేం చెప్పాలని తరవాత అది అడిగితే, కాలు అన్నాను. ఆ మాట నాదే. చర్చిలో అబద్ధం చెప్పింది అదీ, చెప్పించింది నేనూ. డాక్టరు చీటీ ఎందుకు తేలేదో ఇప్పుడు మీకు తెలిసిపోయుంటుంది. ఆ చీటీ మీద కాలు అని రాసి ఉండదు కదా. "కాలు విరగడం ఏమంత సిగ్గురా? నా కాలు విరిగినప్పుడు కట్టు మీద ఊరంతా సంతకాలు పెట్టారు, ఇప్పటికీ గ్యారేజీలో దాచుకున్నాను. ఒట్టి కాలు సంగతే అయితే ఆ పిల్ల ఇంతగా దాస్తుందా? ఆ ప్రొఫెసరు అంత అమాయకుడా?" అన్నాడు హార్లన్. మీరు అమాయకులని నేననుకోలేదండీ. నేనే అనుకున్నాను, ఇది నడిచిపోతుందని.

పరీక్ష రోజున ఏ ఆవూ ఈనలేదు. బ్రిట్టా పుస్తకాలు సర్దుకుని, వెళ్ళొస్తాను నాన్నా అని చెప్పడానికి గదిలోకి వచ్చింది. నేను ఒక మాట అన్నాను. ఇంకెన్నాళ్ళో నీకీ బరువు ఉండదులే అన్నాను. అది పుస్తకాల సంచి కింద పెట్టింది. బీరువాలోంచి నా వేట తుపాకీ తీసుకుని బయటికి పోయింది. ఆ తుపాకీకి ఏ జబ్బూ లేదు. హార్లన్ తలుపు కొట్టి, "పట్టేసింది, బాగుచేసి మీ దగ్గరే ఉంచండి బాబాయ్" అని ఇచ్చిందట. వాడు గొట్టం తెరిచి చూశాడట, నిగనిగలాడుతోందట. "సరేనమ్మా, చాలా పని పడుతుంది దీనికి" అన్నాడట. ఈ మాట నాకు ఇవాళ చెప్పాడు. మొక్కజొన్న కోసిన రోజునే వాడు నీళ్ళకోసం వంటింట్లోకి వస్తే, రెండు కాళ్ళ మీదా శుభ్రంగా నడిచిపోతున్న నన్ను వెనకనుంచి చూశాడట. చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడట. ఇన్నాళ్ళూ ఎందుకడగలేదురా అంటే, "నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఇద్దరం చల్లారిన కాఫీ తాగాం.

ఆ పరీక్ష వేళకి బ్రిట్టా నన్ను పికప్‌లో ఎక్కించుకుని, మా మొహాలు ఎవరికీ తెలియని ఊరికి తీసుకుపోయింది, ఆసుపత్రికి. అక్కడొక డాక్టరమ్మ. ఎలా ఉన్నారు అంది. పర్లేదన్నాను. ఏదో రాసుకుని, మళ్ళీ అడిగింది. ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చుగా అన్నాను. ఆవిడ మా వైపు మనిషి కాదు, రంగు చూసినా మాట విన్నా తెలుస్తూనే ఉంది. ఎలా తెలిసిందో మరి. కలం పక్కన పెట్టేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కాసేపు ఊరుకుని, "ఎలా ఉన్నారు, ఆర్విడ్ గారూ?" అని మూడోసారి అడిగింది.

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయలేను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను, అది మాత్రం రాస్తాను. గోడ పక్క కుర్చీలో కూర్చుని బ్రిట్టా ఆ డాక్టరమ్మ మొహమే చూస్తోంది. తిరుగు దారిలో ఇంటి మలుపు దగ్గర, "నాన్నా, ఆవిడ మళ్ళీ అడిగింది చూశావా" అంది. అది డాక్టరవ్వాలనుకుంది ఆ రోజు. దూడని చూసి కాదు. దరఖాస్తులో దూడని పెట్టింది నన్ను దాచడానికి. మీరు బాగుందన్నది అబద్ధం దూడ.

మాత్రలు వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను. బాగున్నాను. ఈసారి ఈ మాట నిజంగానే అంటున్నాను.

హార్లన్ వెళ్ళాక బ్రిట్టాకి ఫోను చేశాను. మీ ప్రొఫెసరుగారికి నిజం చెప్పెయ్యమ్మా అన్నాను. "చెప్పను నాన్నా. అది నాది కాదు, నీది. నీది అమ్ముకుని నేను డాక్టరునవ్వను" అంది. నా సిగ్గుని అది మూడున్నరేళ్ళుగా మోసుకు తిరుగుతోంది, మెడికల్ కాలేజీ గుమ్మం దాకా మోసుకొచ్చి అక్కడ దాంతోపాటే వెనక్కి తిరగడానికి సిద్ధపడింది. నేనేమో కర్ర పట్టుకుని కుంటుతున్నాను. సరే, నాదయితే నేనే ఇచ్చేస్తాను అన్నాను. అందుకే చింపి మళ్ళీ రాయకుండా, నా కాలు విరిగిన ఉత్తరమే పంపుతున్నాను. అదీ, ఈ తా.క.నూ రెండూ చదవండి. మేం ఎంత దూరం దాస్తామో మీ కమిటీ వాళ్ళకి తెలియాలంటే అబద్ధం కూడా చూపించాలి. కాలేజీ లెక్కలో చెరిగిపోయిన ఎఫ్ కూడా లెక్కలోకి వస్తుందన్నారు కదా, ఇది కూడా రానివ్వండి. ఆర్విడ్ హెగ్లాండ్ అనే మనిషికి మనసు జబ్బు చేసిందని నా పేరు పెట్టి చదవండి. నేను వద్దనను.

చేతికర్ర హార్లన్ పట్టుకుపోయాడు, వాడి కోళ్ళ గూటికి గడియ కావాలట. తుపాకీ తెచ్చివ్వనా అన్నాడు. నీ దగ్గరే ఉండనీ అన్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. సోమవారం లోగా మా పిల్లని పిలిచి కూర్చోబెట్టండి. నేను రాశానని చెప్పకుండా అడగండి. తన నోటితో చెప్పుకోవడం దానికీ రావాలి, రేపు అది ఎవరినో కూర్చోబెట్టి అడగాల్సిన పిల్ల. మొదటిసారి చదవలేదండీ అంటుంది. రెండోసారి మీ కిటికీలోంచి బయటికి చూస్తుంది. అక్కడ మాత్రం నాకు చేసినట్టు సరే, మంచిది అని లేచిపోకండి. కలం పక్కన పెట్టి, కాసేపు ఊరుకుని, ఇంకోసారి అడగండి.